టికెట్టా, పాసా, కంపెనీ భత్యమా? బస్సెక్కని రోజు ఖర్చు ఎవరిదో తేల్చుకుని ఎంచుకోండి

పాస్ కొనేముందు దాదాపు అందరం ఒకే లెక్క వేస్తాం. రోజుకు రెండు టికెట్లు, నెలకు ఇన్ని, పాసైతే ఇంత, మిగిలేది ఇంత. ఆ లెక్కలో తప్పేమీ లేదు, “రోజుకు” అన్న ఒక్క మాట తప్ప. సెలవులు, జ్వరాలు, ఇంటి నుంచే పని చేసిన రోజులు, ఎవరి బండి మీదో ఎక్కి వెళ్ళిపోయిన రోజులు అందులోకి రావు. పాస్ మాత్రం ఆ రోజులకు కూడా ముందే డబ్బు పుచ్చేసుకుంటుంది.

నేనూ ఒకప్పుడు అలాగే ఏడాది పాస్ కొన్నాను. నాలుగో నెలలో ఆఫీసువాళ్ళు వారానికి రెండు రోజులు వస్తే చాలన్నారు. ఇంట్లో అందరూ సంతోషించారు, నేను మాత్రం పర్సులోని పాస్ వంక చూసుకుంటూ కూర్చున్నాను. వాపసు అడిగితే చేతికొచ్చింది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పట్నుంచి ఏ టికెట్టు పథకం చూసినా ముందు ఒకటే అడుగుతాను: నేను బస్సెక్కని రోజు ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? నా మీదా, రవాణా సంస్థ మీదా, యజమాని మీదా, పన్ను కట్టేవాళ్ళ మీదా? దానికి జవాబు దొరికితే ఏది చౌకో చాలావరకు తేలిపోతుంది.

ముందు రోజులు లెక్కపెట్టండి

గడిచిన మూడు నెలల హాజరు తీయండి. మనసులో ఉన్న అంకె కాదు, కాగితం మీదున్నది. నెలకు ఇరవై రోజులు వెళ్తున్నాననుకునే మనిషి చాలాసార్లు పదహారు దగ్గర తేలతాడు.

ధరలు ఊరికో తీరు కాబట్టి డబ్బు పక్కన పెట్టి టికెట్లలోనే లెక్కిద్దాం. ఒకవైపు ప్రయాణానికి ఒక టికెట్టు. నెల పాస్ ధర 36 టికెట్లంత ఉందనుకోండి. అంటే 18 రోజులు రానూపోనూ తిరిగితే పాస్ ధర రాబట్టినట్టు, పంతొమ్మిదో రోజు నుంచి లాభం. నెలకు 22 రోజులు వెళ్ళేవాళ్ళకు 44 టికెట్ల ప్రయాణం 36కే వచ్చింది, 8 మిగిలాయి. వారానికి మూడు రోజులు, అంటే నెలకు 13 రోజులు వెళ్ళేవాళ్ళు 26 టికెట్లతో పోయేదానికి 36 పెట్టారు. పది టికెట్లు గాల్లో కలిశాయి.

ఏడాది పాస్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పది నెలల ధరకే పన్నెండు నెలలు అన్నారనుకోండి, అంటే 360 టికెట్లు. వారానికి ఐదు రోజుల ఉద్యోగమైతే ఏడాదికి 260 రోజులు. అందులో సెలవులన్నీ కలిపి 35 తీసేస్తే 225, అంటే 450 టికెట్లు. లాభం 90. వారానికి నాలుగు రోజులైతే 208లో 28 తీసేయండి, 180 రోజులు, సరిగ్గా 360 టికెట్లు, లాభమూ లేదు నష్టమూ లేదు. మూడు రోజులైతే 156లో 21 పోను 135, అంటే 270 టికెట్లు, నష్టం 90. వారంలో ఒక్క రోజు అటూ ఇటూ అయితే తొంభై టికెట్ల తేడా వస్తోంది. మీ పాస్ ధరకు మీ అంకెలు వేసుకోండి, కానీ ఈ తీరు మాత్రం మారదు.

ఇంకొకటి. ఐదు రోజులూ వెళ్ళేవాళ్ళు ఏడాది పాస్ వద్దనుకుని పన్నెండు నెలలూ నెల పాసే కొంటే 432 టికెట్లు పడతాయి, 450 మీద మిగిలేది 18 మాత్రమే. సెలవు పెట్టి ఊరెళ్ళే నెలలో కూడా అలవాటు కొద్దీ ఒకటో తారీఖున పాస్ కొనేయడమే దీనికి కారణం. కొన్నిచోట్ల పాస్ ఏ తేదీ నుంచైనా మొదలవుతుంది. అలాంటిచోట ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి తీసుకుంటే చాలు.

విడి టికెట్టు

దీనికి చెడ్డపేరు ఎక్కువ, నిజానికి దీనంత నిజాయితీ గల బేరం లేదు. ఎక్కితే కడతాం, ఎక్కకపోతే లేదు. తిరగని రోజు భారం మన మీద పైసా కూడా పడదు.

ఇబ్బందల్లా బస్సులు మారేవాళ్ళకే. ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకు ఒక బస్సు, అక్కడి నుంచి రైలు, దిగాక మళ్ళీ బస్సు అంటే కొన్ని నగరాల్లో మూడు టికెట్లు. మరికొన్ని చోట్ల గంటో గంటన్నరో చెల్లే ఒకే టికెట్టు మీద ఎన్ని మారినా అడగరు. పోల్చేటప్పుడు ప్రయాణాలు కాక ఎన్నిసార్లు ఎక్కుతున్నారో లెక్కపెట్టండి. మొదటిరకం నగరంలో ఉంటే పాస్ విలువ ఒక్కసారిగా రెండు మూడింతలవుతుంది, పై లెక్కంతా తలకిందులవుతుంది.

పది టికెట్ల కట్ట, ఇరవై టికెట్ల కట్ట అని అమ్మేవి విడి టికెట్టుకు అన్నదమ్ముల్లాంటివే. కొద్దిగా తగ్గింపు ఉంటుంది. గడువు ఎంతో చూసుకోండి, అంతే. వారానికి రెండు మూడు రోజులు వెళ్ళేవాళ్ళకు నా ఓటు సాధారణంగా వీటికే. ఇంగ్లండులో రైళ్ళకు 2021 జూన్‌లో తెచ్చిన ఫ్లెక్సీ సీజన్ టికెట్టు కూడా ఈ బాపతే: 28 రోజుల్లో ఏ ఎనిమిది రోజులైనా వాడుకోవచ్చు. కోవిడ్ తర్వాత ఆఫీసుకు రోజూ వచ్చేవాళ్ళు తగ్గిపోయారని రైళ్ళవాళ్ళు ఒప్పుకోక తప్పని రోజుల్లో పుట్టింది.

నెల పాస్, ఏడాది పాస్

పాస్ అంటే రవాణా సంస్థతో మనం కట్టే పందెం. మనం ఎక్కువ తిరుగుతామని మనం కాస్తాం, అంత తిరగమని వాళ్ళు కాస్తారు. ఓడితే మన డబ్బు ముందే వాళ్ళ దగ్గర ఉంటుంది.

అలాగని పాస్ దండగ అనను. సాయంత్రాలు, ఆదివారాలు, పిల్లల్ని తీసుకెళ్ళడం, కూరగాయలకు వెళ్ళడం ఇవన్నీ అదే పాస్ మీద జరిగిపోతుంటే ఆఫీసు రోజులు తక్కువైనా గిట్టుబాటవుతుంది. పాస్ చేతిలో ఉన్నవాళ్ళు ఒక స్టాపు దూరానికి కూడా ఎక్కేస్తారు, అదొక సుఖం, దానికీ విలువ ఉంది. కానీ రెండు స్టేషన్ల మధ్యే చెల్లే పాసులుంటాయి, వాటితో ఈ సుఖం సగమే. జపాన్‌లో తేకి అని పిలిచే పాస్ అలాంటిదే, ఇంటి స్టేషన్ నుంచి ఆఫీసు స్టేషన్ దాకా. మధ్యలో ఎక్కడైనా దిగి ఎక్కొచ్చు, దారి దాటితే మాత్రం అదనంగా కట్టాలి.

ఏడాది పాస్ కొనేముందు చూడాల్సింది ధర కాదు, వాపసు నిబంధన. ఆరు నెలలు వాడి తిరిగిస్తే సగం డబ్బు వస్తుందని అనుకుంటాం. చాలాచోట్ల అలా ఇవ్వరు. వాడిన నెలలకు పూర్తి నెల పాస్ ధర పట్టుకుని మిగిలింది ఇస్తారు. మన ఉదాహరణలో ఆరు నెలలకు 216 టికెట్లు పట్టుకుని 144 ఇస్తారన్నమాట, 180 కాదు. పది నెలలు దాటాక ఇచ్చేది సున్నా. ఉద్యోగం మారే ఆలోచన మనసులో ఏ మూలనో ఉన్నా ఏడాది పాస్ జోలికి పోకండి.

ఇంకో రకం ఉంది, తనంతట తానే పొడిగించుకుంటూ పోయే నెలవారీ చందా. జర్మనీలో దేశమంతటా స్థానిక బస్సులు, రైళ్ళకు చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ ఇలాంటిదే. 2023 మేలో 49 యూరోలకు మొదలైంది, 2025 జనవరిలో 58, 2026 జనవరిలో 63 అయింది. వద్దనుకుంటే ముందు నెల పదో తారీఖులోపు చెప్పాలి. పదకొండో తారీఖున గుర్తొచ్చిందా, ఇంకో నెల డబ్బు వాళ్ళదే. ఫోన్‌లో గుర్తుచేసే గంట పెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు.

పరిమితి దాటితే ఉచితం

నాకు నచ్చిన పద్ధతి ఇది. కార్డు తాకించి ఎక్కుతూ పోతారు. రోజులోనో వారంలోనో మీరు కట్టింది ఒక పరిమితికి చేరాక ఆపై ఎక్కినవన్నీ ఉచితం. పాస్ కొన్నంత లాభం వస్తుంది, పందెం మాత్రం కట్టక్కర్లేదు. వారం పరిమితి 9 టికెట్లనుకుంటే ఐదు రోజులు వెళ్ళినవాళ్ళు 9 కడతారు, మూడు రోజులు వెళ్ళినవాళ్ళు 6 కడతారు. తిరగని రోజు భారం రవాణా సంస్థ మీదికి మళ్ళింది.

లండన్‌లో 2003లో ఇలా తాకించే ఆయిస్టర్ కార్డు వచ్చింది, 2014 సెప్టెంబరు నుంచి భూగర్భ రైళ్ళలో మామూలు బ్యాంకు కార్డులూ తాకించొచ్చు. న్యూయార్క్‌లో 2022లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు వారంలో 12 సార్లు కడితే మిగతావి ఉచితమన్నారు. ఇక్కడ గమనించాల్సింది వారం ఎప్పుడు మొదలవుతుందన్నది. లండన్‌లో బ్యాంకు కార్డుకు వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. గురువారం మొదలుపెట్టి బుధవారం దాకా ఎంత తిరిగినా రెండు ముక్కలైపోతుంది, దేనికీ పరిమితి అందకపోవచ్చు. న్యూయార్క్ కూడా మొదట సోమవారమే అంది, 2023లో మార్చి మొదటిసారి తాకించిన రోజు నుంచి ఏడు రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఇంకో మెలిక చాలామందికి తెలియదు. కార్డును, అదే కార్డు పెట్టుకున్న ఫోన్‌ను యంత్రం ఇద్దరు వేర్వేరు మనుషులుగా చూస్తుంది. పొద్దున ఫోన్, సాయంత్రం కార్డు తాకిస్తే పరిమితి రెండు చోట్లా సగం సగం నిండుతుంది. ఏదో ఒకదానికే కట్టుబడండి.

ఈ పద్ధతి మీద నాకున్న అభిమానానికి అసలు కారణం వేరే. పాస్ చౌక, కానీ ఒకటో తారీఖున 36 టికెట్ల డబ్బు ఒక్కసారి తీయగలిగినవాళ్ళకే. కూలి డబ్బు ఏ రోజుకారోజు వచ్చేవాళ్ళు విడి టికెట్లు కొంటూ నెలాఖరుకు 44 కట్టేస్తారు. ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి పూర్తి ధర. పరిమితి పద్ధతిలో ఆ అన్యాయం పోతుంది.

దీనికి దగ్గరి చుట్టం, తర్వాత వెనక్కిచ్చే పద్ధతి. దక్షిణ కొరియాలో 2024 మేలో మొదలైన కె-పాస్ ఇలా పనిచేస్తుంది: నెలకు కనీసం 15 సార్లు ఎక్కితే కట్టినదాంట్లో మామూలు ప్రయాణికులకు 20 శాతం, యువతకు 30 శాతం తర్వాతి నెల తిరిగొస్తుంది, తక్కువ ఆదాయం వాళ్ళకు సగానికి పైనే. బాగుంది, కాకపోతే ముందు మన డబ్బే పోవాలి, 14 సార్లు ఎక్కినవాళ్ళకు ఏమీ రాదు. సియోల్ నగరం అదే ఏడాది జనవరిలో 30 రోజులు ఎంతైనా తిరిగే క్లైమేట్ కార్డు తెచ్చింది. ఒకే ఊళ్ళో రెండూ ఉండటంతో జనం కూర్చుని లెక్కలు వేసుకోవాల్సొచ్చింది. ఎక్కువగా తిరిగేవాళ్ళకు రెండోది, మధ్యస్థంగా తిరిగేవాళ్ళకు మొదటిది నయమని తేలింది.

కంపెనీ ఇస్తానంటే

ఇక్కడ తొందరపడి సంతోషించకూడదు, ఎందుకంటే “ప్రయాణ ఖర్చు ఇస్తాం” అన్న మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి.

మొదటిది, నెలనెలా జీతంతో పాటు ఒక స్థిరమైన మొత్తం. 36 టికెట్లంత ఇస్తున్నారనుకోండి. మీరు 13 రోజులే వెళ్తే 26 ఖర్చు, 10 మీ జేబులో. తిరగని రోజు మీకే లాభం. కానీ ఛార్జీలు పెరిగితే ఆ పెంపూ మీదే, ఎందుకంటే ఈ భత్యాన్ని నాలుగైదేళ్ళకు కూడా ఎవరూ తిరగేసి చూడరు. చాలా దేశాల్లో దాని మీద పన్ను కూడా పడుతుంది.

రెండోది, బిల్లులు పెడితే ఇవ్వడం. సమయానికి వస్తే ఇంతకన్నా న్యాయమైంది లేదు. కానీ నలభై చిన్న చిన్న టికెట్లు దాచి, ఫోటోలు తీసి, ఫారం నింపి, ఎవరో సంతకం పెట్టేదాకా ఎదురుచూసే ఓపిక ఎందరికుంటుంది? ఆ ఓపిక లేకపోవడం వల్ల మిగిలే డబ్బు కంపెనీది. కార్డు చరిత్రను ఒక్కసారిగా దించి పంపితే ఒప్పుకుంటారేమో అడగండి.

మూడోది, పాస్ ధరలో వాటా. ఫ్రాన్సులో ఇది చట్టం: ఉద్యోగి కొన్న పాస్‌లో సగం యజమాని ఇవ్వాలి. విడి టికెట్లకు ఆ బాధ్యత లేదు. దీంతో మన లెక్క ఎలా మారుతుందో చూడండి. 36 టికెట్ల పాస్‌లో మీ వాటా 18 కాబట్టి 9 రోజులకే గిట్టుబాటు. నెలకు 13 రోజులు వెళ్ళేవాళ్ళు 26కు బదులు 18తో బయటపడతారు, 8 లాభం. అందుకని వాళ్ళూ పాసే కొంటారు. కంపెనీ 18 కట్టింది. ఇద్దరూ కలిసి 36 పెట్టి 26 టికెట్ల ప్రయాణం చేశారు. ఎవరూ ఎక్కని ఆ పది టికెట్లు యజమాని భుజాల మీదుగా రవాణా సంస్థకు చేరాయి. మీకు మంచి బేరమే, తీసుకోండి. కాకపోతే డబ్బు ఎటు పోయిందో తెలిసి తీసుకోండి.

జర్మనీలో ఇదే సంగతి ఒప్పందం మీద నడుస్తుంది. యజమాని డాయిచ్‌లాండ్ టికెట్‌లో కనీసం 25 శాతం భరిస్తే ఇంకో 5 శాతం తగ్గింపు వస్తుంది, ఉద్యోగికి పడేది 70 శాతమే. కంపెనీ ఈ పథకంలో చేరాలి మరి. చేరకపోతే అడిగే హక్కు ఎవరికీ లేదు, అడగడానికి నోరు మాత్రం ఉంది.

బ్రెజిల్ మరో దారి పట్టింది. 1985లో చేసిన వాలే ట్రాన్స్‌పోర్తే చట్టం ప్రకారం ఉద్యోగి మూల వేతనంలో 6 శాతం దాకానే ప్రయాణానికి పట్టుకోవాలి, అంతకు మించినదంతా యజమానిదే. జీతం తక్కువై దూరం ఎక్కువైనవాళ్ళకు ఇంతకు మించిన రక్షణ ఇంకో చట్టంలో నేను చూడలేదు. దీనికి ఒక నీడ ఉంది: దూరంగా ఉండేవాళ్ళు యజమానికి ఖరీదవుతారు. ఇద్దరు సమానంగా కనిపించినప్పుడు దగ్గరున్నవాళ్ళనే పనిలోకి తీసుకోవాలన్న ఆశ పుడుతుంది.

నాలుగోది, పన్నుకు ముందు జీతంలోంచి పట్టుకోవడం. అమెరికాలో ఎక్కువగా ఇదే. 2025లో నెలకు 325 డాలర్ల దాకా ఇలా పక్కన పెట్టే వీలుండేది. పేరుకు కంపెనీ సౌకర్యం, డబ్బు మాత్రం మీదే, మిగిలేది దాని మీద పడే పన్ను. 36 టికెట్ల పాస్ మీద 10 శాతం పన్ను కట్టేవారికి 3.6 టికెట్లు మిగిలితే, 30 శాతం కట్టేవారికి 10.8 మిగులుతాయి. ఎక్కువ సంపాదించేవారికి అదే పాస్ చౌక. ఇంకో సంగతి, ఉద్యోగం మానేసే రోజుకు ఆ ఖాతాలో వాడకుండా మిగిలింది వెనక్కి రాదు. రాజీనామా రాసేముందు ఆ నిల్వ చూసుకోవాలి.

జపాన్‌లో యజమాని పూర్తి ప్రయాణ ఖర్చు ఇవ్వడం చట్టం కాకపోయినా ఆనవాయితీ. నెలకు 1,50,000 యెన్‌ల దాకా ఆదాయపు పన్ను లేదు. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. అయితే సామాజిక బీమా చందా లెక్కించేటప్పుడు ఈ భత్యాన్ని జీతంలో కలిపే చూస్తారు. దూరం నుంచి వచ్చేవారి చందా కొద్దిగా పెరుగుతుంది. మొత్తం యజమానే ఇస్తున్నాడనుకున్న చోట కూడా చిన్న ముక్క మన జీతంలోంచే పోతోందన్నమాట.

ఈ పేరాలు చదివేవాళ్ళలో చిన్న కంపెనీ నడిపేవాళ్ళుంటే వారికో మాట. విడి టికెట్ల మొత్తం, పాస్ ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తామని రాసుకోండి. ఏ రోజు రావాలో, ఏ రోజు వద్దో చెప్పేది మీరు. అలాంటప్పుడు రాని రోజుల నష్టం ఉద్యోగి నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

ప్రభుత్వం ఉచితం అంటే

ఉచిత ప్రయాణం ఉన్నచోట ఎంపిక ఏముంది, ఎక్కడమే కదా అనొచ్చు. నిజమే. కానీ ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, చిరునామా ఎక్కడ నమోదు చేయించాలి అన్నవి దీని మీద ఆధారపడతాయి.

లక్సెంబర్గ్ 2020 మార్చి నుంచి దేశమంతా బస్సులు, ట్రాములు, రైళ్ళు ఉచితం చేసింది, రైలు మొదటి తరగతికి తప్ప. అంతకు ముందు కూడా టికెట్ల నుంచి వచ్చేది నడిపే ఖర్చులో పదో వంతు లోపే. అంటే తొమ్మిది వంతులు అప్పటికే పన్నుల్లోంచి పోతున్నాయి, చివరి వంతు కూడా అందులో కలిపారు. దాని సరిహద్దుల అవతలి నుంచి రోజూ పనికి వచ్చేవాళ్ళకు మాత్రం సరిహద్దు దాకా టికెట్టే.

ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013 జనవరిలో నగరంలో నమోదైనవాళ్ళకే ఉచితం అంది. అందులో ఉన్న చమత్కారం చూడండి: అక్కడ ఆదాయపు పన్నులో కొంత భాగం మనిషి ఏ మున్సిపాలిటీలో నమోదయ్యాడో దానికి వెళ్తుంది. ఊళ్ళో ఉంటూ వేరేచోట నమోదైనవాళ్ళు బస్సు కోసం చిరునామా మార్చుకున్నారు, వాళ్ళ పన్ను నగరానికొచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు కదా, ఇక్కడ అత్త పక్క మున్సిపాలిటీ.

ఢిల్లీలో 2019 అక్టోబరులో మహిళలకు బస్సు ఉచితం చేశారు. అయినా గులాబీ రంగు టికెట్టు చింపి ఇచ్చేవారు. ఎన్ని టికెట్లు చింపారో లెక్కగట్టి ప్రభుత్వం రవాణా సంస్థకు ఇవ్వాలి కాబట్టి. అలాంటిచోట టికెట్టు అడిగి తీసుకోవడం మర్యాద కోసం కాదు, ఆ రూటులో రేపు బస్సు ఉండాలంటే మీరు లెక్కలో ఉండాలి.

తగ్గించిన ధరల వెనక కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. వియన్నా 2012 మేలో ఏడాది పాస్‌ను 365 యూరోలు చేసింది, రోజుకో యూరో. ప్రపంచమంతా మెచ్చుకుంది. అదే ఏడాది విడి టికెట్టు ధర పెరిగింది, ఒక్కో ఉద్యోగికి యజమాని నగరానికి కట్టే వారపు సుంకం 72 సెంట్ల నుంచి 2 యూరోలైంది. ఆ సుంకం 1970లో భూగర్భ రైలు కట్టడానికి వేసినది. రోజూ తిరిగేవాళ్ళ తగ్గింపును అప్పుడప్పుడూ ఎక్కేవాళ్ళు, యజమానులు పంచుకున్నారన్నమాట. తిలా పాపం తలా పిడికెడు. 2026లో ఆ ఏడాది పాస్ ధర కూడా పెరిగింది.

ఫ్రాన్సు 1971లోనే పారిస్ ప్రాంతంలో జీతాల మీద రవాణా సుంకం వేసింది, ఇప్పుడు 11 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు కడతాయి. అక్కడి డంకర్క్ నగరం 2018లో అందరికీ, మోంపెలియే నగరం 2023 డిసెంబరులో తనవాళ్ళకు బస్సులు ఉచితం చేయగలిగాయంటే వెనక ఉన్నది ఎక్కువగా ఆ సుంకమే. హాంకాంగ్‌లో మెట్రో సంస్థకు స్టేషన్ల మీద, పక్కన ఇళ్ళు, దుకాణాలు కట్టి అమ్ముకునే హక్కులిచ్చారు. అక్కడ ప్రయాణికుడి ఛార్జీలో కొంత, ఆ మెట్రో పక్కన ఫ్లాటు కొన్నవాళ్ళు కట్టినట్టే.

ఉచితం అని ప్రకటించగానే మీరు చూడాల్సింది ఒక్కటే: బస్సుల సంఖ్య పెంచారా? జర్మనీలో 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా 9 యూరోల నెల టికెట్టు ఇచ్చినప్పుడు దాదాపు 5 కోట్ల 20 లక్షలు అమ్ముడుపోయాయి. రైళ్ళు మాత్రం అవే రైళ్ళు, సెలవుల్లో కాలు పెట్టే చోటు లేదు. బస్సు ఉచితమై రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాల్సొస్తే మీరు ఛార్జీని గంటల్లో కడుతున్నట్టు.

సొంత బండితో పోలిస్తే

దీని గురించి కొట్లాటలు ఎక్కువ, చెప్పాల్సింది తక్కువ. బండి ఎలాగూ ఇంట్లో ఉంటుంది, అమ్మే ఉద్దేశం లేదు అంటే దాని బీమా, ఏటా తగ్గే విలువ మీరు బస్సెక్కినా పోతాయి. అప్పుడు ఇంధనం, పార్కింగు, అరుగుదల మాత్రమే పాస్‌తో పోల్చండి, చాలాసార్లు బండే నెగ్గుతుంది. బస్సు వల్ల బండి కొనే పనే తప్పుతుంది, లేదా రెండోది అమ్మేయొచ్చు అంటే మొత్తం ఖర్చు పోల్చాలి, అప్పుడు బండి దరిదాపుల్లోకి రాదు. ఆఫీసులో పార్కింగు ఉచితమైతే అది కూడా యజమాని ఇచ్చే ప్రయాణ భత్యమే, బండి ఉన్నవాళ్ళకు మాత్రమే. బస్సులో వచ్చేవాళ్ళు దానికి బదులు ఏమిస్తారని అడగడం తప్పు కాదు.

స్టేషను నుంచి ఇంటిదాకా చివరి రెండు కిలోమీటర్లు కూడా లెక్కలో వేయండి. అసలు పాస్ కన్నా అదే తడిసి మోపెడవుతుంది ఒక్కోసారి.

నన్నడిగితే

వారానికి ఐదు రోజులు తప్పనిసరి, ఉద్యోగం ఇంకో ఏడాది ఇక్కడే అన్న నమ్మకం ఉన్నవాళ్ళు ఏడాది పాస్ తీసుకోండి, వాపసు నిబంధన చదివాకే. నాలుగు రోజులైతే, ఆదివారాలు కూడా బాగా తిరిగేవాళ్ళే నెల పాస్ తీసుకోండి, సెలవు నెలలో మానేయండి. అలా తిరగనివాళ్ళకు విడి టికెట్లే నయం. మూడు రోజులు, అంతకన్నా తక్కువైతే పరిమితి ఉన్న కార్డు, అది లేకపోతే టికెట్ల కట్ట. కంపెనీ పాస్‌లో సగం ఇస్తుంటే నెలకు పది రోజులు వెళ్ళేవాళ్ళు కూడా పాస్ తీసుకోవచ్చు. రోజులు వారం వారం మారిపోయే షిఫ్టు పనివాళ్ళు పాస్ మాట ఎత్తకండి.

కొత్త ఉద్యోగం ఖాయమయ్యాక, సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌ను మూడు సంగతులు అడగండి. ప్రయాణ ఖర్చు ఇచ్చేది భత్యంగానా, బిల్లుల మీదా, పాస్ వాటాగానా? ఛార్జీలు పెరిగితే మీరిచ్చేదీ పెరుగుతుందా? నేను కొన్న ఏడాది పాస్ గడువు తీరకముందే మీరు నన్ను వేరే ఆఫీసుకు మారిస్తే, వాపసులో తగ్గిన మొత్తం ఎవరు కడతారు? మూడోది అడిగితే అవతలివాళ్ళు సాధారణంగా కాసేపు మాట్లాడరు. కనుక్కుని చెబుతామంటారు. చెప్పేదాకా నెల పాసే కొనండి.